రిపోర్టు నాది, మాటలు పడేది నా భార్య

ప్రశ్న: నా వయసు 32, నా భార్యకు 28. పెళ్లయి ఐదేళ్లయింది. మూడుసార్లు గర్భం నిలిచింది, మూడుసార్లూ మూడో నెల దాటకుండానే పోయింది. ఆ తర్వాత డాక్టరు గారు మా ఇద్దరికీ కార్యోటైపింగ్ అనే రక్తపరీక్ష రాశారు. నా భార్య రిపోర్టు నార్మల్‌గా వచ్చింది. నా రిపోర్టులో ‘46, ఎక్స్‌వై, టి(2;7)(క్యూ21;క్యూ22)’ అని, దాని కింద ‘బ్యాలెన్స్‌డ్ రెసిప్రొకల్ ట్రాన్స్‌లొకేషన్’ అని ఉంది. జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లమన్నారు, ఇంకా వెళ్లలేదు. మాది మేనరికం కాదు. మా వంశంలో ఇలాంటిది ఎవరికీ లేదు. ట్రాన్స్‌లొకేషన్ వల్ల బ్లడ్ క్యాన్సర్ వస్తుందని నెట్‌లో చదివినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. మాకు పిల్లలు పుట్టే అవకాశం ఉందా? పుడితే ఆరోగ్యంగా ఉంటారా? ఇంకో సంగతి. ఈ రిపోర్టు విషయం మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. బొప్పాయి తిన్నావనీ, స్కూటర్ ఎక్కావనీ మా అమ్మ నా భార్యను అంటూనే ఉంటుంది. బంధువులు నాకు ఇంకో పెళ్లి మాట కూడా ఎత్తారు. ‘చెప్పొద్దులెండి, మీవాళ్లు తట్టుకోలేరు’ అని నా భార్యే అంటోంది. మా చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారు. ఇప్పుడు ఇది బయటపెట్టాలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

సమాధానం: మీరు చివర్లో సంకోచంగా అడిగిన ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. అవును, మీ అమ్మానాన్నలకు చెప్పాలి. మీ నోటితో మీరే చెప్పాలి. ‘వద్దులెండి’ అనడం మీ భార్య మంచితనం. ఆ మంచితనం చాటున మీరు ఉండిపోవడం మాత్రం న్యాయం కాదు. మూడుసార్లు కడుపు పోగొట్టుకున్న మనిషి ఆమె. ఆ నొప్పి, ఆ రక్తస్రావం, ఆస్పత్రి మంచం అన్నీ ఆమె పడింది. వాటికి తోడు తన ప్రమేయం లేని దానికి రోజూ మాటలు పడుతోంది. కారణం తేల్చే కాగితం మీ బీరువాలో ఉంది. మీ మీద కోపంతో ఈ మాట అనడం లేదు. మీరు భయపడ్డారని ఉత్తరంలో ప్రతి వాక్యమూ చెబుతోంది. ఆ కాగితంలో నిజంగా ఏముందో తెలిస్తే భయం చాలావరకు తగ్గుతుంది. అమ్మానాన్నలకు చెప్పడానికి మాటలూ దొరుకుతాయి.

ముందు రిపోర్టు చదువుదాం. 46 అంటే మీ క్రోమోజోముల సంఖ్య. ప్రతి కణంలోనూ జన్యువులను మోసే పోగులే క్రోమోజోములు. మనుషులందరికీ ఉండేంతే ఉన్నాయి. ఎక్స్‌వై అంటే పురుషుడు. అసలు సంగతి ఆ తర్వాత వచ్చే ‘టి’లో ఉంది. ప్రతి క్రోమోజోమూ మనకు జంటగా ఉంటుంది, ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి. మీ రెండో జంటలో ఒకటి మామూలుగానే ఉంది. క్రోమోజోముకు ఒక పొట్టి చేయి, ఒక పొడవు చేయి ఉంటాయి, ‘క్యూ’ అంటే పొడవు చేయి. మామూలుగా ఉన్నదాని జోడు ఆ పొడవు చేయి మీద క్యూ21 అనే పట్టీ దగ్గర తెగింది. అలాగే ఏడో జంటలో ఒకటి క్యూ22 దగ్గర తెగింది. తెగిన చివరి ముక్కలు ఒకదాని చోటికి మరొకటి వెళ్లి అతుక్కున్నాయి. పోయింది ఏమీ లేదు, అదనంగా చేరిందీ ఏమీ లేదు. అందుకే ‘బ్యాలెన్స్‌డ్’ అని రాశారు. మీరు ఆరోగ్యంగా పుట్టి, పెరిగి, ఉద్యోగం చేసుకుంటున్నారంటే మీ ఒంట్లోని జన్యువులన్నీ తమ పని తాము చేసుకుంటున్నాయని అర్థం. ఇలాంటి మార్పు దాదాపు 500 మందిలో ఒకరికి ఉంటుంది. ఖమ్మం నగరంలోనే కొన్ని వందల మందికి ఉండి ఉంటుంది, వాళ్లలో చాలామంది ఆ సంగతి తెలియకుండానే జీవితం గడిపేస్తారు.

చిక్కు వీర్యకణాలు తయారయ్యేటప్పుడు వస్తుంది. ప్రతి జంటలోంచీ ఒక్కొక్క క్రోమోజోమే వీర్యకణంలోకి వెళ్లాలి. ఇద్దరు అన్నదమ్ములు తమ పొలాల్లో చివరి ముక్కలు పరస్పరం మార్చుకున్నారనుకోండి. మొత్తం విస్తీర్ణం మారదు, సాగుకు ఇబ్బందీ లేదు. పంపకాల నాడు ఒకరి కొత్త పట్టా, మరొకరి పాత పట్టా కలిపి ఒకే వారసుడికి రాసేస్తే మాత్రం అతనికి ఒక ముక్క రెండుసార్లు వస్తుంది, ఇంకో ముక్క అసలు రాదు. మీ వీర్యకణాల్లో జరిగేదీ ఇదే. కొన్నింటిలోకి రెండు మామూలు క్రోమోజోములూ కలిసి వెళ్తాయి. కొన్నింటిలోకి మారిన రెండూ కలిసి వెళ్తాయి. ఈ రెండు రకాల కణాల నుంచీ ఆరోగ్యవంతమైన బిడ్డ పుట్టగలదు. మిగిలినవాటిలో ఒక మామూలుది, ఒక మారినది పడి లెక్క తప్పుతుంది. ఇలాంటి మార్పు ఉన్న పురుషుల వీర్యకణాలను పరీక్షిస్తే లెక్క తప్పినవి సగానికి అటూఇటూగా కనిపిస్తాయి. మనిషిని బట్టి, తెగిన చోటును బట్టి ఆ వాటా మారుతుంది. మామూలు వీర్యపరీక్షలో ఈ తేడా ఏమీ కనిపించదు. లెక్క తప్పిన కణం కూడా చక్కగా ఈదుతుంది, అండాన్నీ చేరుతుంది. ఆ తర్వాత పిండం ఎదగలేక ఆగిపోతుంది.

మీ విషయంలో మారిన ముక్కలు రెండూ పెద్దవే. రెండో క్రోమోజోములో దాదాపు సగం, ఏడో దానిలో మూడో వంతుకు పైగా. అంత పెద్ద భాగం తక్కువైనా ఎక్కువైనా పిండం సాధారణంగా నెలలు నిండే దాకా నిలవదు. మీ భార్య గర్భాలు మూడూ తొలి మూడు నెలల్లోనే పోవడానికి ఇది సరిపోయే కారణం. బొప్పాయి, స్కూటర్, మెట్లు ఎక్కడం, గ్రహణం, వీటిలో దేనికీ ఇక్కడ సంబంధం లేదు. ఎంత మంచాన పడుకున్నా, ఎన్ని హార్మోన్ ఇంజెక్షన్లు చేయించుకున్నా లెక్క తప్పిన పిండాన్ని నిలబెట్టలేం. ఇది మీ అమ్మగారికి తప్పకుండా తెలియాల్సిన సంగతి. అసలు ఏ జంటలోనైనా తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సగం దాకా క్రోమోజోముల తేడా వల్లే పోతాయి. అందులో ఎక్కువ భాగం ఆ ఒక్కసారికి జరిగిన పొరపాటే, తల్లిదండ్రుల క్రోమోజోములు బాగానే ఉంటాయి.

మేనరికం గురించి రాశారు. మన తెలుగు ఇళ్లలో పిల్లల విషయంలో ఏ ఇబ్బంది వచ్చినా ముందు ఆ మాటే వస్తుంది. దగ్గరి చుట్టాలు పెళ్లి చేసుకుంటే ఒకే లోపం ఉన్న జన్యువు అటు నుంచీ ఇటు నుంచీ బిడ్డకు చేరే ప్రమాదం పెరుగుతుంది, అది నిజమే. క్రోమోజోము ముక్కలు స్థానం మారడం మేనరికం వల్ల రాదు. వంశంలో ఎవరికీ లేదని మీరు అన్నదాన్ని మాత్రం నేను అంత తేలిగ్గా ఒప్పుకోను. ఎవరికీ పరీక్ష చేయలేదు కదా. ఇలాంటి మార్పు చాలామందికి అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చినదే. కొందరిలో కొత్తగా ఏర్పడుతుంది. మీ అమ్మగారికీ తొలినాళ్లలో ఒకటి రెండు గర్భాలు పోయాయేమో, ఆ రోజుల్లో ఆమెను ఎవరెవరు ఏమన్నారో, నెమ్మదిగా అడిగి చూడండి.

మీ రక్తం ల్యాబ్‌లో ఏమైందో కాస్త చెబుతాను. అది తెలిస్తే ఆ రిపోర్టు మీద నమ్మకం కుదురుతుంది. రక్తంలోని తెల్లకణాలు మామూలుగా విభజన చెందవు, విభజన చెందని కణంలో క్రోమోజోములు విడివిడిగా కనిపించవు. అందుకని వాటిని పోషక ద్రవంలో వేసి, రాజ్మా గింజల నుంచి తీసే ఒక ప్రొటీన్ కలుపుతారు. దాంతో అవి మేలుకొని విభజన మొదలుపెడతాయి. 37 డిగ్రీల వేడిలో మూడు రోజులు ఉంచుతారు. ఆ తర్వాత కోల్చిసిన్ వేసి, క్రోమోజోములు బాగా కుదించుకొని స్పష్టంగా ఉన్న దశలో విభజనను ఆపుతారు. మన అడవినాభి దుంపలో, గింజల్లో ఉండే విషం ఆ కోల్చిసినే. తర్వాత పలుచని ఉప్పు ద్రావణంలో ఉంచితే కణాలు నీరు పీల్చుకొని ఉబ్బుతాయి, లోపల గుమిగూడిన క్రోమోజోములు ఒకదానికొకటి దూరం జరుగుతాయి. అప్పుడు గాజు పలక మీద చుక్కలుగా వేసి, ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌లో ముంచి, గీమ్సా రంగు పట్టిస్తారు. ఒక్కో క్రోమోజోము మీద ముదురు, లేత అడ్డపట్టీలు తేలతాయి. ఏ జంటకు ఆ పట్టీల వరుస ఆ జంటదే. మైక్రోస్కోపు ముందు కూర్చున్న మనిషి సాధారణంగా 20 కణాల్లో ఆ వరుసలు సరిచూస్తారు. మీ రెండో క్రోమోజోము కింది సగంలో ఏడో దాని పట్టీలు కనబడి ఉంటాయి. అన్ని కణాల్లోనూ అలాగే ఉంది కాబట్టే ఆ ఒక్క వరుస రాసి సంతకం పెట్టారు.

ఈ విద్య మనిషి దగ్గర పుట్టలేదు. మొక్కల దగ్గర పుట్టింది. క్రోమోజోముల ముక్కలు ఇలా తారుమారవుతాయన్న ఆలోచన 1920లలో ఉమ్మెత్త జాతి మొక్కల పరిశీలనలోంచి వచ్చింది. 1930లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో బార్బరా మెక్‌క్లింటాక్ మొక్కజొన్నలో దాన్ని మైక్రోస్కోపు కింద చూపించారు. మారిన రెండు క్రోమోజోములు, వాటి మామూలు జోళ్లు, నాలుగూ కలిసి ఒక శిలువ ఆకారంలో జత కడతాయి. మీ శరీరంలో వీర్యకణాలు తయారయ్యే చోటా అవి కట్టే ఆకారం అదే. అలాంటి మొక్కజొన్నకు వచ్చే కంకి ఒలిచి చూస్తే గింజలు వరుసగా ఉండవు. ఒక గింజ, పక్కన ఖాళీ, ఇంకో గింజ, మళ్లీ ఖాళీ, దాదాపు సగం చోట్లు బోసిగా ఉంటాయి. పుప్పొడిలోనూ సగం తాలు రేణువులే. మొక్కలో లెక్క తప్పిన పుప్పొడి అక్కడికక్కడే ఎండిపోతుంది. జంతువుల్లో లెక్క తప్పిన వీర్యకణం ఆగకుండా వెళ్లిపోతుంది, దాని ఫలితం తల్లి కడుపులో తేలుతుంది. మొక్కకూ మనకూ ఉన్న ఈ ఒక్క తేడాతోనే ఎన్ని వేల ఇళ్లలో మగవాడి క్రోమోజోము కథ ఆడదాని తప్పుగా చెలామణి అయిందో ఆలోచించండి.

పార్కుల్లో దారుల పక్కన నాటే రియో మొక్క మీరు చూసే ఉంటారు, ఆకు పైన పచ్చగా, కింద ఊదా రంగులో ఉంటుంది. దానికున్న 12 క్రోమోజోములూ ఇలా ముక్కలు మార్చుకున్నవే. విభజన వేళ 12 కలిసి ఒకే వలయంగా నిలబడతాయి. ఆ మొక్క తరతరాలుగా అలాగే బతుకుతోంది.

మనిషికి 46 క్రోమోజోములని తేల్చినవాళ్లు కూడా మొక్కలతో పనిచేసినవాళ్లే. అంతకుముందు ముప్పై ఏళ్ల పాటు లోకమంతా 48 అనుకుంది. జో హిన్ చియో, ఆల్బర్ట్ లెవాన్ స్వీడన్‌లోని లుండ్‌లో 1955 డిసెంబరులో లెక్క సరిచూసి 1956లో ప్రచురించారు. వాళ్లు ఆ లెక్క అంత కచ్చితంగా తేల్చగలగడానికి మొక్కల వేళ్ల కొసల్లో క్రోమోజోములు పరిచి చూసిన అనుభవం బాగా ఉపయోగపడింది.

పశువుల సంగతి మీ ఇంట్లో చెబితే సులువుగా అర్థమవుతుందని ఇక్కడ రాస్తున్నాను. ఆవుకు, ఎద్దుకు 60 క్రోమోజోములు. 1964లో స్వీడన్ పరిశోధకులు కొన్ని పశువుల్లో ఒకటో క్రోమోజోము, ఇరవై తొమ్మిదో క్రోమోజోము అతుక్కుపోయి 59 ఉన్నట్టు కనుక్కున్నారు. చూడటానికి ఆ పశువులు మేలైనవే. ఆ మార్పు ఉన్న ఆబోతుల కూతుళ్లలో మాత్రం చూలు నిలవకుండా మళ్లీ మళ్లీ ఎదకు రావడం ఎక్కువగా కనిపించింది. మన దేశంలో కూడా వీర్య కేంద్రాలకు ఎంపిక చేసే ఆబోతులకు, దున్నలకు కార్యోటైపింగ్ చేస్తారు. చూలు నిలవకపోతే మగ పశువు క్రోమోజోములూ చూడాలని పశువైద్యం ఎప్పుడో నేర్చుకుంది. మనుషుల దగ్గరకు వచ్చేసరికి కోడలిని మాత్రమే ఆస్పత్రుల చుట్టూ తిప్పుతాం. మీ డాక్టరు గారు మీ ఇద్దరికీ ఒకేసారి పరీక్ష రాశారు. అలాంటి డాక్టరు దొరకడం మీ అదృష్టం, ఆయననో ఆమెనో వదులుకోకండి.

‘లోపం’ అనే మాట మీ ఉత్తరంలో లేదు కానీ మీ మనసులో ఉందని నాకు తోచింది. అందుకే ఇది కూడా చెబుతాను. చింపాంజీకి, గొరిల్లాకు 48 క్రోమోజోములు, మనకు 46. మన పూర్వీకుల్లో ఎప్పుడో రెండు క్రోమోజోములు చివరలు కలిసి అతుక్కొని ఒకటయ్యాయి. అలా ఏర్పడినదే మన రెండో క్రోమోజోము, మీ రిపోర్టులో ఉన్నది ఆ క్రోమోజోమే. మామూలుగా క్రోమోజోము కొసల్లో మాత్రమే ఉండాల్సిన డీఎన్ఏ వరుసలు దాని నడుమ ఇప్పటికీ ఉన్నాయి. 1991లో అవి బయటపడ్డాయి. అంటే భూమ్మీద ఉన్న ప్రతి మనిషీ ఒక పాత క్రోమోజోము మార్పును మోస్తున్నవాడే. మన ముర్రా గేదెకు 50 క్రోమోజోములు, ఆగ్నేయాసియా చిత్తడి గేదెకు 48. రెంటినీ కలిపితే పుట్టే దూడకు 49 ఉంటాయి, అదీ పెరిగి ఈనుతుంది. క్రోమోజోములు తెగుతాయి, అతుక్కుంటాయి, స్థానం మారతాయి. జీవం మొదటి నుంచీ ఇలాగే సాగింది. అందులో తలదించుకోవాల్సింది ఏమీ లేదు.

ఇక క్యాన్సర్ భయం. మీరు నెట్‌లో చదివింది ఫిలడెల్ఫియా క్రోమోజోము గురించి అయి ఉంటుంది. 1960లో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ ఒక రకం బ్లడ్ క్యాన్సర్ రోగుల కణాల్లో అసాధారణంగా చిన్నదైన ఒక క్రోమోజోమును చూశారు. మీ రక్తకణాలను మేలుకొలిపిన ఆ రాజ్మా ప్రొటీన్ ప్రభావాన్ని కనిపెట్టిందీ ఈ నోవెలే. అది 9, 22 క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం వల్ల ఏర్పడిందని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. అక్కడ రెండు జన్యువులు తప్పుగా కలిసి, కణానికి ‘పెరుగు, పెరుగు’ అని ఆగకుండా చెప్పే ఒక ప్రొటీన్ పుడుతుంది. దాన్ని అడ్డుకునే ఇమాటినిబ్ మాత్ర 2001లో వచ్చాక ఆ క్యాన్సర్ రోగులు ఏళ్ల తరబడి మామూలు జీవితం గడుపుతున్నారు. ఆ మార్పు పుట్టుకతో రాదు. పెద్దయ్యాక ఎముక మజ్జలోని ఒక కణంలో కొత్తగా జరుగుతుంది, రోగి మిగతా శరీరంలో ఉండదు, పిల్లలకు సంక్రమించదు. మీది తల్లి కడుపులో పడిన నాటి నుంచీ ప్రతి కణంలో ఉంది, తెగిన చోట్లు వేరు, కలిసిన చోట్లు వేరు. రెంటికీ ట్రాన్స్‌లొకేషన్ అనే పేరు ఒకటే కావడం మిమ్మల్ని ఇంత భయపెట్టింది. పుట్టుకతో వచ్చే ఇలాంటి బ్యాలెన్స్‌డ్ మార్పు ఉన్నంత మాత్రాన బ్లడ్ క్యాన్సర్ ముప్పు పెరగదు. ఈ రాత్రి నుంచి ఆ బెంగ పెట్టుకోకండి.

పిల్లల మాటకు వద్దాం. నెదర్లాండ్స్‌లో రెండు, అంతకుమించి గర్భాలు పోయిన జంటలను కొన్నేళ్ల పాటు గమనించి 2006లో ఫలితాలు ప్రచురించారు. దంపతుల్లో ఒకరికి మీలాంటి క్రోమోజోము మార్పు ఉన్న జంటల్లో 83 శాతం మందికి కనీసం ఒక ఆరోగ్యవంతమైన బిడ్డ పుట్టింది. ఇద్దరి క్రోమోజోములూ మామూలుగా ఉన్న జంటల్లో అది 84 శాతం. తేడా లేనట్టే. మధ్యలో పోయిన గర్భాలు మాత్రం మార్పు ఉన్నవాళ్లలో ఎక్కువ. లెక్క తప్పిన క్రోమోజోములతో బిడ్డ పుట్టడం చాలా అరుదుగా జరిగింది. మీ భార్యకు ఇంకా 28 ఏళ్లే, గర్భం తేలిగ్గానే నిలుస్తోంది, ఇవి రెండూ మీకు కలిసొచ్చే సంగతులు. ఈ నడుమ ఇంకో గర్భం పోయే అవకాశమూ ఉంది, అది నేను దాచను. దాన్ని తట్టుకునే ఓపిక ఆమెకు ఉందా, ఎంతకాలం ఉందా అన్నది ఆమె చెప్పాలి. మీరు గానీ మీ అమ్మగారు గానీ నిర్ణయించేది కాదు.

దారులు ప్రధానంగా రెండు. మొదటిది, సహజంగా గర్భం కోసం ప్రయత్నించి, గర్భం నిలిచాక బిడ్డ క్రోమోజోములు పరీక్ష చేయించుకోవడం. 11 నుంచి 13 వారాల నడుమ మాయ నుంచి చిన్న ముక్క తీసి చేస్తారు, లేదా 16వ వారం వచ్చాక ఉమ్మనీరు తీసి చేస్తారు. వాటివల్ల గర్భం పోయే ప్రమాదం చాలా స్వల్పం, అయినా సున్నా కాదు. తల్లి రక్తంతో చేసే ఎన్ఐపీటీ చాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మామూలుగా దొరికే ఎన్ఐపీటీ 21, 18, 13, ఎక్స్, వై క్రోమోజోముల సంఖ్య చూడటానికి పెట్టినది, మీకు కావాల్సింది 2, 7. రెండోది ఐవీఎఫ్. పిండాలను బయట పెంచి, వాటి నుంచి కొన్ని కణాలు తీసి పరీక్షించి, లెక్క సరిగా ఉన్నదాన్నే గర్భంలో ఉంచుతారు. గర్భం పోయే బాధ దీంతో తగ్గుతుంది. ఖర్చు ఎక్కువ, ఆమె శరీరానికి శ్రమ ఎక్కువ, ఒక్కోసారి పరీక్షలో సరైన పిండం ఒక్కటీ మిగలదు. చివరకు బిడ్డ చేతికొచ్చే అవకాశం సహజ ప్రయత్నం కన్నా దీనితో పెరుగుతుందని రుజువు కాలేదు. నా అభిప్రాయం అడిగితే, మీ వయసులో మొదటి దారితో మొదలుపెట్టడంలో తప్పు లేదు. రిపోర్టు చూడగానే ‘వెంటనే ఐవీఎఫ్, లేదా దాత వీర్యం’ అని తొందరపెట్టే చోట సంతకం పెట్టకుండా బయటకు రండి, ఇంకొకరిని అడగండి.

గర్భంలో ఉన్నప్పుడు క్రోమోజోము పరీక్ష చేయించుకోవడం చట్టవిరుద్ధమేమో అన్న అనుమానం చాలామందికి ఉంది. 1994 చట్టం నిషేధించింది ఆడా మగా అని చెప్పడాన్ని. క్రోమోజోము తేడాలు తెలుసుకోవడానికి, అందులోనూ రెండు అంతకుమించి గర్భాలు పోయినవాళ్లకు, రిజిస్టరైన కేంద్రంలో ఈ పరీక్ష చేయడానికి ఆ చట్టమే వీలు ఇచ్చింది.

కౌన్సెలింగ్ వాయిదా వేయకండి. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జెనెటిక్స్ ఇన్‌స్టిట్యూట్, ఆస్పత్రి ఉన్నాయి. ఇద్దరూ కలిసి వెళ్లండి, రెండు రిపోర్టులూ, పాత స్కానింగులూ పట్టుకెళ్లండి. మీ తెగిన చోట్లను బట్టి మీకు వర్తించే అంచనా వాళ్లే చెప్పగలరు. ఒక కారణం దొరికింది కదా అని మీ భార్య థైరాయిడ్, గర్భాశయం, రక్తం గడ్డకట్టే తత్వం పరీక్షలు మానేయకండి, రెండు కారణాలూ ఒకే ఇంట్లో ఉండొచ్చు. ఒకవేళ మళ్లీ గర్భం పోతే, బయటకు వచ్చిన కండ ముక్కను ఫార్మలిన్‌లో (ఆస్పత్రుల్లో ముక్కలు కుళ్లకుండా నిల్వ ఉంచే ద్రావణం) వేయవద్దని ముందే చెప్పి ఉంచండి. ఫార్మలిన్‌లో పడితే కణాలు చనిపోతాయి, క్రోమోజోము పరీక్షకు పనికిరాదు. శుభ్రమైన సీసాలో సెలైన్‌లో ఉంచి అదే రోజు జెనెటిక్స్ ల్యాబ్‌కు పంపాలి. ఆ గర్భం మీ ట్రాన్స్‌లొకేషన్ వల్ల పోయిందా, వేరే కారణమా అన్నది దానితో తెలిసే అవకాశం ఉంటుంది. ఇప్పటికే పోయిన మూడింటికీ ఆ అవకాశం మీకు దక్కలేదు.

పుట్టబోయే బిడ్డకు మీ మార్పు బ్యాలెన్స్‌డ్‌గానే రావచ్చు, అసలు రాకపోవచ్చు, రెంటికీ ఇంచుమించు సమాన అవకాశం. వచ్చినా మీలాగే ఆరోగ్యంగా ఉంటుంది. పెద్దయ్యాక ఆ సంగతి తనకు చెబితే చాలు.

మీ చెల్లెలి విషయమే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఈ మార్పు మీ అమ్మానాన్నల్లో ఒకరి నుంచి వచ్చినదైతే, ఆమెకు ఉండే అవకాశం సగానికి సగం. మీరు రిపోర్టు దాచిపెట్టి ఆమె పెళ్లి చేశాక, రేపు ఆమె కడుపు పోయి అత్తింట్లో ఇవే మాటలు పడితే, మీకు ముందే తెలుసన్న నిజం ఆమెకు ఏదో ఒకరోజు తెలుస్తుంది. అందుకే ఇది మీ దంపతుల రహస్యంగా ఉండిపోవడానికి వీల్లేదు. ముందు మీ అమ్మానాన్నలకు పరీక్ష చేయించండి. ఇద్దరివీ మామూలుగా ఉంటే ఆమెకు పరీక్ష అవసరం దాదాపు ఉండదు. ఒకరిలో కనిపిస్తే ఆమె కూడా ఒక్కసారి రక్తం ఇవ్వాలి. సంబంధం కుదరకముందే ఇదంతా జరిగితే మంచిది. ఫలితం ఏమైనా అది ఆమెది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లందరికీ మీరు చాటనక్కర్లేదు, చేసుకోబోయేవాడికి ఆమె స్వయంగా చెబుతుంది.

ఇక ఇంట్లో ఎలా చెప్పాలి? బంధువులు లేని పూట చూసుకోండి. మీ భార్య అక్కడే ఉండాలి, వంటగదిలో కాదు, మీ పక్కన. ‘అమ్మా, ముగ్గురు పిల్లలు పోవడానికి కారణం దొరికింది. అది నాలో ఉంది. నాకు జబ్బు లేదు, నా క్రోమోజోముల అమరిక వేరుగా ఉంది. ఆమె తిన్నదాని వల్ల, తిరిగినదాని వల్ల పోలేదు. ఇది నాకు నీ నుంచో నాన్న నుంచో వచ్చి ఉండొచ్చు, అదీ ఎవరి తప్పూ కాదు. చెల్లెలి కోసం మీరిద్దరూ రక్తపరీక్ష చేయించుకోవాలి’ అనండి. ఇంతకన్నా పెద్ద ప్రసంగం అక్కర్లేదు. ఇంకో పెళ్లి మాట ఎత్తిన బంధువులకు కూడా మీరే చెప్పండి, ఎవరితో పెళ్లయినా మీ క్రోమోజోములు ఇవే కదా. మీ అమ్మగారు మొదట నమ్మకపోవచ్చు, ఏడవవచ్చు, ల్యాబ్‌వాళ్లు పొరబడ్డారనవచ్చు. అప్పుడు వాదించకండి. కౌన్సెలింగ్‌కు ఆమెను కూడా తీసుకెళ్లండి. 2, 7 క్రోమోజోములు జంటలుగా అతికించిన ఆ ఫొటో డాక్టరు గారు ముందు పెట్టి వేలితో చూపిస్తే, చదువు లేనివాళ్లకు కూడా తేడా కంటికి కనిపిస్తుంది.